ఒకే పేట, రెండు దేవాలయాలు, ఒకే ప్రభువు



మన తెలుగు పల్లెల్లో అనేక చోట్ల ఒకే పేటలో రెండు దేవాలయాలు కనిపిస్తాయి. ఒకటి ఆర్.సి.ఎం. వారిది, మరొకటి ప్రొటెస్టెంటు సంఘము వారిది. ఒకరు జ్ఞానస్నానము అంటే, మరొకరు బాప్తిస్మము అంటారు. ఒకరు దివ్యబలిపూజకు వెళితే, మరొకరు ప్రభురాత్రి భోజనములో పాలుపొందుతారు. మాటలు వేరైనా ప్రార్థించే నామము ఒక్కటే. చుట్టరికాలు కూడా కలిసే ఉంటాయి. అయినా పెండ్లి కుదిరినప్పుడో, సమాధి చేయవలసి వచ్చినప్పుడో రెండు గుడుల మధ్య గోడ ఎంత ఎత్తుందో తెలుస్తుంది. "అత్తవారింటికి వెళ్తే మా పిల్లకు మళ్లీ బాప్తిస్మమిస్తారా అయ్యగారూ?" అని అడిగే తల్లి బాధ చిన్నది కాదు.

సిలువకు ముందటి రాత్రి మన ప్రభువు తనను నమ్మువారందరు ఏకమై యుండాలని తండ్రిని వేడుకొన్నాడు. లోకము నమ్మడానికీ ఆ ఐక్యతకూ సంబంధమున్నదని యోహాను సువార్త 17వ అధ్యాయము మనకు తెలుపుతున్నది. కాబట్టి ఇది పెద్దల సభలకే విడిచిపెట్టే సంగతి కాదు.

ఐక్యత ఒక్క రోజులో రాదు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, మరికొందరు సేవకులు 1919లో తరంగంబాడిలో కూడి సంఘముల ఏకీకరణకు పిలుపునిచ్చారు. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. అంటే ఇరువది ఎనిమిది సంవత్సరాలు పట్టింది. అజరయ్య గారు ఆ దినము చూడకుండానే 1945లో ప్రభువునందు నిద్రించారు. విత్తినవారు కోత చూడకపోయినా పంట మాత్రం ఆగలేదు.

కతోలికుల వైపు నుండి కూడా తలుపు తెరుచుకొన్నది. రెండవ వాటికన్ మహాసభ 1964లో క్రైస్తవ ఐక్యతను గూర్చి ప్రత్యేక శాసనము వెలువరించింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘము, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి నీతిమంతులుగా తీర్చబడుటను గూర్చిన ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము ఆ సమాఖ్యలో సభ్యురాలే. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘములు ఆ ప్రకటనతో ఏకీభవించాయి. లూథరు కాలములో సంఘమును చీల్చిన ప్రధాన ప్రశ్న ఇదేనని మరువరాదు.

భేదములు లేవని చెప్పడం సత్యము కాదు. పోపుగారి అధికారము, మరియమాతకు ఇచ్చే స్థానము, పరిశుద్ధులకు చేసే మనవులు, ఇవన్నీ ఇంకా మన మధ్య ఉన్నవే. ఒకే ప్రభుబల్ల చుట్టూ చేరలేకపోతున్నాము. అయితే బల్ల వద్ద కలవలేని వారు వాకిట పలకరించుకోకూడదని ఏ లేఖనమూ చెప్పలేదు.

మన ఊరిలో మనము చేయగలిగినవి కొన్ని ఉన్నవి.

మొదటిది, బాప్తిస్మమును గౌరవించడం. త్రియేక దేవుని నామమున నీటితో ఇచ్చిన బాప్తిస్మమును కతోలిక, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘములు మరల ఇవ్వవు. బాప్తిస్టు సహోదరుల బోధ ఇందులో వేరు. ఈ సంగతి పెండ్లి మాటలప్పుడే ఇరువైపుల కాపరులు కూర్చొని వివరిస్తే ఆ తల్లి భయము సగం తీరుతుంది.

రెండవది, మరణమైన ఇంటికి కలిసి వెళ్లడం. ఫాదర్ గారు, పాస్టరు గారు ఒకే చాపమీద కూర్చుంటే, అది పది ప్రసంగాలకు సమానం.

మూడవది, జనవరి 18 నుండి 25 వరకు జరిగే ఐక్యతా ప్రార్థనా వారము. ఇది 1908లో అమెరికాలో మొదలైంది. 2013లో లోకమంతటికీ ఆ ప్రార్థనలను సిద్ధపరచినది భారతదేశ విద్యార్థి క్రైస్తవోద్యమము. దళిత క్రైస్తవుల వేదన అందులో ప్రధానాంశము. ఆ వేదన రెండు గుడులలోనూ ఉన్నదే కదా!

వచ్చే జనవరిలో ఒక్క సాయంత్రమైనా పక్క గుడి వారిని పిలుద్దాము, వారు పిలిస్తే వెళ్దాము. సమాధానకర్తయగు దేవుడు మనలను ఏకము చేయును గాక. ఆమేన్.