ఆత్మకూర్: సాగు సొమ్ముతో ఎదిగిన పట్టణం

వనపర్తి జిల్లాలోని ఆత్మకూర్ 2018 ఆగస్టులో గ్రామ పంచాయతీ నుంచి మున్సిపాలిటీగా మారింది. అదే జిల్లాలో అమరచింత, కొత్తకోట, పెబ్బేరు కూడా అప్పుడే మారాయి. ఆఫీసు ముందు బోర్డు మారింది గానీ, ఊరి చుట్టూ వరి మళ్లు అలాగే ఉన్నాయి. పంట చేతికొచ్చిన నెలల్లోనే బజారుకు గిరాకీ. మరి ఈ ఊరు పట్టణం ఎలా అయింది? చుట్టుపక్కల పల్లెల సాగు సొమ్ము ఏ కాలంలో ఏ దారిన ఇక్కడికి చేరిందో చూస్తే జవాబు దొరుకుతుంది.

మొదటి దారి శిస్తు. నిజాం కాలంలో పాలమూరు ప్రాంతంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాలపేట, అమరచింత సంస్థానాలు ఉండేవి. సంస్థానాధీశుడు నిజాంకు ఏటా పేష్కష్ (కప్పం) కట్టేవాడు. తన ఊళ్లలో శిస్తు తానే వసూలు చేసుకునేవాడు. అమరచింత సంస్థానం ముక్కెర వంశం వారిది. పేరు అమరచింతదే అయినా కోట, కొలువు ఆత్మకూర్‌లో ఉండేవి. 1901 ప్రాంతపు లెక్కల ప్రకారం ఈ సంస్థానంలో 68 గ్రామాలు, సుమారు 34 వేల జనాభా. ఆదాయం ఏటా లక్షా నలభై వేల రూపాయల దాకా వచ్చేది. అందులో నిజాంకు వెళ్లేది ఆరు వేల పైచిలుకే.

మిగిలిన సొమ్ములో చాలా భాగం కొలువు చుట్టూనే ఖర్చయ్యేది. లెక్కలు రాసేవారు, కాపలా కాసేవారు, పూజారులు, వ్యాపారులు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. రాజు గారి సత్కారాల కోసం కవి పండితులు వచ్చేవారు. తిరుపతి వేంకట కవులు కూడా ఆత్మకూర్ సంస్థానంలో అవధానాలు చేసినవారే. అమరచింత నేతగాళ్ల సన్నని వస్త్రాలకు, జరీ తలపాగాలకు పేరుండేది. అలాంటి బట్ట కొనగలిగేది కొలువులో ఉన్నవారే. ఊళ్లలో పండిన జొన్న, వడ్లు ఇలా శిస్తుగా మారి, ఒక్కచోట బజారును నిలబెట్టాయి.

ఆ శిస్తుకు ఆధారం వాన, చెరువు. చెరువు కట్ట అడుగున తూము ఉంటుంది. దాన్ని ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేవాడు నీరడి. అతనికి నెల జీతం లేదు. పంట నూర్చాక కళ్లంలోనే ప్రతి రైతూ ఇంత అని గింజలు కొలిచి ఇచ్చేవాడు. పంట ఎండితే అతని వాటా కూడా ఎండినట్టే. అందుకే నీటిని పొదుపుగా పారించడం అతనికీ అవసరమే. అయితే చెరువులో చేరేది ఆ ఏటి వాన నీరే. రెండేళ్లు వరుసగా వానలు తప్పితే పొలంతో పాటు బజారూ చిన్నబోయేది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. మరుసటి ఏడాది జాగీర్ల రద్దుతో సంస్థానాల కథ ముగిసింది. శిస్తు ఇక ప్రభుత్వ ఖజానాకు పోయింది. కొలువు పోయినా ఊరు పడిపోలేదు. కారణం, సొమ్ముకు రెండో దారి దొరికింది: ఆత్మకూర్ తాలూకా కేంద్రమైంది. పహాణీ (భూమి రికార్డు) నకలుకు, తగాదాకు, రిజిస్ట్రేషన్‌కు రైతు ఇక్కడికే రావాలి. వచ్చినవాడు సామాను కొనుక్కుని పోతాడు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఆ పరిధి తగ్గింది.

ఇక నీటి సంగతి. కృష్ణానది ఆత్మకూర్‌కు దగ్గరలోనే పారుతుంది. అయినా ఒడ్డున ఉన్న ఊళ్లు సైతం మెట్టసాగుతోనే బతికాయి. నది లోతున ఉంటుంది, పొలాలు ఎత్తున ఉంటాయి. పల్లం నీరు మిట్టకు ఎక్కదు. పని లేని కాలంలో జనం మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, గుంపులుగా దూర ప్రాంతాల కట్టడాల పనికి వెళ్లేవారు. పాలమూరు లేబర్ అన్న పేరు అలా పడింది.

కృష్ణ మీద కట్టిన జూరాల ఆనకట్ట చేసిన పని నీటి మట్టాన్ని పైకి లేపడం. బచావత్ ట్రిబ్యునల్ (నదీ జలాల పంపకం తేల్చిన న్యాయమండలి) దీనికి 17.84 టీఎంసీలు కేటాయించింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 1981లో శంకుస్థాపన జరిగింది, 1990ల నడుమ కాలువలకు నీళ్లొచ్చాయి. రెండు కాలువల కింద ఆయకట్టు (నీరందే భూమి) లక్ష ఎకరాల పైచిలుకు. ఎడమ కాలువ ఆత్మకూర్ వైపు వస్తుంది. ఆనకట్ట మీది రోడ్డు గద్వాలను దగ్గర చేసింది.

ఇక్కడి నుంచి సొమ్ము మూడో దారి పట్టింది. వరి వేసే రైతుకు విత్తనం, ఎరువు, మందు, ట్రాక్టరు కిరాయి అన్నీ ముందే కావాలి. దుకాణదారు ఉద్దెర ఇస్తాడు, పంట అమ్మాక వడ్డీతో వసూలు చేసుకుంటాడు. రైసు మిల్లు, ఆటో, ఆస్పత్రి, ప్రైవేటు స్కూలు ఆ వెనకే వస్తాయి. అయితే ఈ బలానికి హద్దుంది. కాలువ పైనున్న పొలానికి నీరెక్కదు, చివరి పొలానికి నీరు ఆలస్యంగా అందుతుంది. జూరాలలో నిల్వ చేయగలిగేది తక్కువ. ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ జలాశయాలు నిండి వరద వదిలితేనే ఇక్కడ వానాకాలం పంటకు ధీమా. యాసంగి ఏటా అనుమానమే.

పట్టణం అన్న మాటకు ప్రభుత్వంలో రెండు కొలతలున్నాయి. జనగణన వారు కనీసం 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, ప్రధానంగా పనిచేసే మగవారిలో 75 శాతం మంది సాగేతర పనుల్లో ఉండాలంటారు. రెండోది చట్టం. మున్సిపాలిటీ అని ప్రకటిస్తే, జనం ఏ పని చేసినా అది పట్టణమే. ఆత్మకూర్‌ను మున్సిపాలిటీ చేసింది ఈ రెండోదే.

దాని ఫలితాలు ఇంటింటికీ తగులుతాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే రాసింది. ఊరు మున్సిపాలిటీ అయ్యాక అక్కడి కూలీలకు ఆ హక్కు లేకుండా పోయింది. ఇంటి పన్ను, కట్టడం అనుమతి కొత్త నిబంధనల కిందికి వస్తాయి. బదులుగా రోడ్లకు, మురుగు కాలువలకు పట్టణ నిధులు అందే వీలుంటుంది.

అసలు చిక్కు భూమి దగ్గర వస్తుంది. మున్సిపాలిటీకి రాబడి ఇళ్ల మీద, లేఔట్ల మీద. బజారుకు రాబడి పంట మీద. ఊరి అంచున ఉన్న ఆయకట్టు ఎకరం ప్లాట్లయితే మున్సిపల్ ఖాతాలో ఫీజులు పడతాయి. కానీ ఆ ఎకరం మీద ఏటా తిరిగే ఎరువు, కూలి, మిల్లు, కిరాయి సొమ్ము ఆగిపోతుంది. అందుకే ఊరు ఏ దిక్కుకు పెరగాలో గీసేటప్పుడు కాలువ కింది పొలాలను వదిలి, మిట్ట నేలల వైపు ఇళ్లను మళ్లించడం ఆత్మకూర్ బజారుకే మేలు.