మోకాళ్ళ నొప్పియు మన భోజనమును

అప్పు నిమిత్తము సంఘమునకు వచ్చు సభ్యులలో ఏబది యేండ్లు దాటినవారిని గమనింతుమేని, మెట్లెక్కునపుడు చేతితో మోకాలిని అదుముకొని యెక్కువారు పెక్కుమంది కానవత్తురు. కలుపునకు కూర్చున్నవారు లేచుటకు మరియొకరి చేయూత కోరుచున్నారు. నాట్లకు పోవు స్త్రీల మాట చెప్పనక్కరలేదు. “వయసు మీదపడినది, ఏమి చేయుదుము” అని ఊరకుండువారు కొందరు. సంతలో చూర్ణములును తైలములును కొని ధనము పోగొట్టుకొనువారు కొందరు. పంట పెట్టుబడికై తెచ్చిన అప్పులో కొంత ఈ దారినే పోయినదని మాతో చెప్పుకొన్న రైతును మేమెరుగుదుము. ఎరువు వేయవలసిన నెలలో ఆయన చేత పైకము లేదు. మోకాలి నొప్పియు పోలేదు. అట్టి నష్టము మరియొకరికి రాకుండుటకై, ఈ వ్యాధియందు ఆహారము చేయగలిగినదేమి, చేయజాలనిదేమి అను విషయమును సభ్యులకు విన్నవించుచున్నాము.

కీలు చెడు విధము

తొడ యెముక కొనయు, కాలి యెముక కొనయు కలియుచోట నున్నని మృదులాస్థి పొరగా కప్పియుండును. ఇది క్రమముగా పలుచబడి, యెముక అంచులు పెరిగి, కీలు బిగుసుకొనుటయే ఆస్టియోఆర్థ్రైటిస్ అనబడు కీళ్ళ అరుగుదల. బండి ఇరుసు అరిగినట్లే ఇదియు అరుగునని పూర్వము తలచెడివారు. ఆ మాట సగమే నిజము. ఇరుసు జీవము లేనిది, కీలు జీవముగలది. కీలు లోపలి పొర వాచుచుండును; ఆ వాపు మృదులాస్థిని మరింత చెరచును. శరీరమున హెచ్చుగా చేరిన క్రొవ్వు కేవలము బరువు కాదు. అది వాపును పెంచు కొన్ని పదార్థములను నెత్తురులోనికి విడుచుచుండును. స్థూలకాయులకు, బరువు మోయని చేతివ్రేళ్ళ కీళ్ళు సయితము హెచ్చుగా చెడుటకు ఇదియొక కారణమని వైద్యులు చెప్పుదురు. వీనికి తోడు గొంతుకూర్చుండి చిరకాలము పనిచేయుట, పాత దెబ్బలు, వంశపారంపర్యము కూడ కారణములగును.

కిలోకు నాలుగు కిలోలు

ఇచ్చట రైతునకు సులభముగా తెలియు లెక్క యొకటి కలదు. అమెరికాలో మెస్సియర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2005లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, శరీరపు బరువు ఒక కిలో తగ్గినచో, నడచునపుడు మోకాలిపై పడు భారము అడుగడుగునకు సుమారు 4 కిలోలు తగ్గును. అయిదు కిలోలు తగ్గినవానికి ప్రతి యడుగునందును 20 కిలోల బరువు దింపినట్లే. కిలోమీటరు దూరము నడువగా వేయికి పైగా అడుగులు పడును. ఇల్లు మొదలు చేనివరకు పోయివచ్చులోపల మోకాలు ఎంత భారము తప్పించుకొనునో సభ్యులే గుణించుకొనవచ్చును.

ఆ బృందమువారే 2013లో మరియొక పరీక్షాఫలితమును ప్రకటించిరి. మోకాలి నొప్పియు అధికమగు బరువును గల 454 మందిని మూడు తెగలుగా విభజించి 18 నెలలు పరీక్షించిరి. ఒక తెగకు భోజన నియమము, ఒక తెగకు వ్యాయామము, మూడవ తెగకు రెండును ఏర్పరచిరి. రెండును చేసినవారు సగటున 100కు 11 పాళ్ళు బరువు తగ్గిరి. వారి నొప్పి దాదాపు సగము తగ్గెను. భోజనము నియమించుకొన్న రెండు తెగలవారి నెత్తురులో వాపును తెలుపు పదార్థము వ్యాయామము మాత్రమే చేసినవారికంటె తక్కువయ్యెను. కావున వాపును తగ్గించు ఆహారమన నేదో యొక అపూర్వమైన మూలిక కాదు. మితమైనదియు సమతౌల్యము గలదియు అగు భోజనమే మొదటి యౌషధము.

పళ్ళెములో నేమి మార్చవలయును?

మన భోజనమున అన్నము కొండవలె నుండును, కూర చుక్కవలె నుండును. ఈ లెక్కను తిరుగవేయవలయును. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన నియమావళిలో, దినమునకు వలయు శక్తిలో ధాన్యములవలన వచ్చునది 100కు 45 పాళ్ళు మించరాదని కలదు. అన్నమును మూడవ వంతు తగ్గించి, ఆ చోటున పప్పు, ఆకుకూరలు, కాయకూరలు, మజ్జిగ నింపవలయును. ఒక పూట జొన్నరొట్టెయో రాగిసంకటియో తినుట మేలు. కాని అదియు ధాన్యమే గావున మితము తప్పరాదు. తోటకూర, మునగాకు పెరటిలోనే పెరుగును. జామపండు కొనవలసిన పనిలేదు. మాంసాహారులు వేపుడు చేయని సముద్రపు చేపలను వారమునకు రెండుమార్లు తినవచ్చును. శాకాహారులకు అవిసెగింజల పొడి యుపయోగకరము.

తగ్గించవలసినవానిలో నూనె మొదటిది. గ్రాము చక్కెర 4 కెలోరీల శక్తినిచ్చుచుండ, గ్రాము నూనె 9 కెలోరీల నిచ్చును. కాచిన నూనెనే మరల మరల కాచి చేసిన బజ్జీలు మానవలయును. రెండవది టీలోని చక్కెర. దినమునకు అయిదు గిన్నెల టీ త్రాగుచు, ఒక్కొక్క దానికి రెండేసి చెంచాలు వేసుకొన్నచో సుమారు 50 గ్రాములగును, నెలకు కిలోన్నర! బెల్లమును దానికి బదులుగా వాడినను లాభము లేదు. మూడవది మద్యము, దాని శక్తియు క్రొవ్వుగా మారునదే.

వంకాయ, గోంగూర, చింతపండు, పెరుగు “వాతము చేయును” అని మానువారు మనలో పెక్కురు. ఇవి మోకాలి అరుగుదలను పెంచునని రుజువు లేదు. ఒక పదార్థము తినినపుడెల్ల తనకు బాధ హెచ్చుచున్నదని తోచినవారు దానిని మానవచ్చును. అంతేకాని, విన్న మాటలకై కూరలన్నియు విడిచి, పచ్చడితో అన్నము మాత్రమే తినుట వ్యాధికి మేలుచేయదు సరిగదా, తొడల కండను కరగించును. సన్నగానున్నవారు బరువు తగ్గింపనే కూడదు. వారికి పప్పు, పాలు, గ్రుడ్డు కావలయును.

పసుపును చూర్ణములును

పసుపునందలి కర్క్యుమిన్ అను పదార్థము నొప్పిని కొంత తగ్గించునని కొన్ని చిన్న పరీక్షలు తెలిపినవి. కాని పసుపులో అది సుమారు 100కు 3 పాళ్ళు మాత్రమే యుండును; అదియు నెత్తురులోనికి మిక్కిలి తక్కువగా ప్రవేశించును. మిరియములందలి సారముతో కలిపినచో 20 రెట్లు హెచ్చుగా ప్రవేశించునని బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు 1998లో కనుగొనిరి. కావున కూరలో పసుపు, చారులో మిరియములు మంచివే. ఔషధమంత పని వానినుండి ఆశింపరాదు. బిళ్ళలుగా వాడదలచినవారు, ముఖ్యముగా నెత్తురు పలుచబరచు మందులు తీసికొనువారు, వైద్యుని అడుగక వాడరాదు. ఇక గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ అను బిళ్ళలను అమెరికాలో 1,583 మందిపై పరీక్షించి 2006లో ఫలితము ప్రకటించిరి. మొత్తముమీద ఉత్తుత్తి బిళ్ళకంటె నవి హెచ్చు మేలు చేయలేదు. అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించు ఆహారము గాని చూర్ణము గాని లేదు. మొలిపింతుమని పలుకువారికి పైకమీయకుడు. పేరులేని పొడులలో స్టిరాయిడ్లు కలిసియుండుట కలదు. నొప్పి మందులు చిరకాలము మ్రింగినచో కడుపును మూత్రపిండములును చెడును.

నీటిని మరువరాదు

మన దేశమున మోకాలి నొప్పి యంతయు అరుగుదల కాదు. నీటిలో ఫ్లోరైడు హెచ్చైనచో ఎముకలు పెళుసై, కీళ్ళు బిగియును. ఈ వ్యాధిని నాటి నెల్లూరు జిల్లా గ్రామములయందు 1937లోనే వైద్యులు వర్ణించిరి. 1973లో జాతీయ పోషకాహార సంస్థవారు ఫ్లోరైడు పీడిత గ్రామములందలి పిల్లల మోకాళ్ళు లోనికి వంగుటను గూర్చి ప్రకటించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటరాదు. వేరు నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాములు తుది హద్దు. నల్లగొండ, ప్రకాశము ప్రాంతములవారు బోరు నీటిని పరీక్ష చేయించుకొనుట మొదటి పని. ఆ నీరు మారక భోజనము మార్చి ప్రయోజనము లేదు.

చేయవలసిన పని

ఆహారముతో పాటు తొడకండకు బలము కావలయును. పీటపై గాక ఎత్తైన బల్లపై కూర్చుండి, ఒక కాలును తిన్నగా చాచి అయిదు లెక్కించువరకు నిలిపి దింపవలయును. ఒక్కొక్క కాలికి పదిమార్లు, ఉదయము సాయంకాలము చేయవలయును. కలుపునకు చిన్న పీట, మరుగుదొడ్డికి కుర్చీవంటి ఆసనము మోకాలిని కాపాడును. మోకాలు ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము వచ్చినను, కీలు పట్టుకొని కదలకున్నను, ఉదయము పెక్కు కీళ్ళు గంటకు పైగా బిగిసియున్నను, అది వేరు వ్యాధి కావచ్చును. వెంటనే వైద్యుని చూడవలయును. మధుమేహమునకు మందులు వాడువారును మూత్రపిండవ్యాధి గలవారును భోజనము మార్చుటకు ముందు వైద్యునితో ఆలోచింపవలయును.

సభ్యులారా! ఈ చెప్పినదానిలో అప్పు తెచ్చి చేయవలసినది ఒక్కటియు లేదు. నేటి తేదీని, నేటి బరువును సంఘపు ధాన్యపు కాటాపై తూచి వ్రాసి యుంచుకొనుడు. మూడు నెలలకు మరల తూచుకొనుడు. డెబ్బది కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినను చాలును, తేడా మోకాలికి తెలియును. చేనునకు ఎరువు వలెనే దేహమునకు ఆహారము: హెచ్చైనను తగ్గినను పంట చెడును. మన మోకాళ్ళు నిలిచిననే మన సేద్యము నిలుచును.