వేళ్లకు చదువు చెప్పిన బొమ్మ

చిల్లులున్న రేకు ముక్కలు, చిన్న చక్రాలు, గుప్పెడు నట్లూ బోల్టులూ... ఒకప్పుడు బ్రిటన్ పిల్లల ఆస్తి ఇదే. పేరు మెకానో! లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం ఇంట్లో రేకు కత్తిరించి చేసిన ఆట ఇది. 1901లో పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ క్రేన్ అయిన ముక్కలే రేపు వంతెన అయ్యేవి.

బోల్టు వదులుగా ఉంటే ఊడిపోతుంది, మరీ బిగిస్తే మర పాడవుతుంది. ఎంత బిగించాలన్నది వేళ్లకే తెలియాలి. మనిషి నేర్చుకోవాల్సిన వాటిలో ఆ నేర్పే అన్నిటికన్నా ముఖ్యమని, మెకానోతో ఆడుకుంటూ పెరిగి 1996లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న హెరాల్డ్ క్రోటో రాసుకున్నాడు.

లివర్‌పూల్ బిన్స్ రోడ్డులోని ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. స్విచ్చు నొక్కితే ఆడే బొమ్మలు ఎన్నో వచ్చాయి. వేళ్లకు ఈ పాఠం చెప్పేవి ఎన్ని?