గెలిచిన జట్టు - రాని కెప్టెన్

పరదా పాటించే ఆడపిల్ల అంతర్జాతీయ పోటీల్లో ఆడగలదా, ఆడి గెలవగలదా అని అడిగేవారు మన సమాజంలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. ఈ ప్రశ్నకు ఇరాన్ స్త్రీల ఫుట్సల్ జట్టు తన ఆటతోనే జవాబిచ్చింది. తల కప్పుకొని, చేతులూ కాళ్లూ పూర్తిగా కప్పే దుస్తులు ధరించి ఆసియా ఛాంపియన్‌షిప్‌ను రెండుసార్లు గెలుచుకుంది. అయితే మొదటిసారి ఆ కప్పు గెలిచిన నాడు జట్టు కెప్టెన్ మైదానంలో లేదు. భర్త సంతకం లేని కారణంగా ఆమె స్వదేశంలోనే ఉండిపోవలసి వచ్చింది. ఆ సంతకం గురించి ముస్లిం కుటుంబాలు కాస్త తీరిక చేసుకొని ఆలోచించాలని మా మనవి.

హాలులో పెరిగిన ఆట

ఫుట్సల్ అంటే నాలుగు గోడల మధ్య, గట్టి నేలపై ఆడే ఫుట్‌బాల్. జట్టుకు పదకొండుమంది బదులు అయిదుగురే ఉంటారు. బంతి కొంచెం చిన్నది, ఎక్కువ ఎగరదు. సుమారు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల స్థలం చాలు. ఒక్కొక్కటి 20 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఆట సాగుతుంది. 1930లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు ఈ ఆటకు రూపమిచ్చాడు.

ఇరాన్‌లో 1979 విప్లవం తరువాత స్త్రీల ఫుట్‌బాల్ ఆగిపోయింది. అది తిరిగి ప్రాణం పోసుకున్నది 1990లలో, ఈ హాలు ఆట ద్వారానే. తలుపులు మూసుకుని, స్త్రీలే ఆడి స్త్రీలే చూసే వీలు హాలులో ఉంటుంది గనుక తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపడానికి అంతగా వెనుకాడలేదు. ఒక తరం గడిచేసరికి ఆ హాళ్లలో పెరిగిన పిల్లలే ఆసియాలో మేటి జట్టుగా నిలిచారు.

తలగుడ్డ తెచ్చిన తంటా

వారి దారి మొదట మూసింది బయటివారే. 2007లో ఫుట్‌బాల్ నియమాలు చేసే అంతర్జాతీయ మండలి, ఆటలో తల కప్పుకోవడం నిబంధనలకు విరుద్ధమని తేల్చింది. 2011 జూన్‌లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో లండన్ ఒలింపిక్స్ అర్హత పోటీకి వెళ్లిన ఇరాన్ స్త్రీల ఫుట్‌బాల్ జట్టును, ఆట మొదలు కావడానికి ముందే తలగుడ్డ కారణంగా ఆపివేశారు. బంతిని తాకకుండానే ఓడినట్లు ప్రకటించారు. ఆ అమ్మాయిలు మైదానంలోనే కంటతడి పెట్టుకున్నారు. తల కప్పుకోనిదే ఆడరాదని స్వదేశపు చట్టం, కప్పుకుంటే ఆడరాదని అంతర్జాతీయ నియమం! రెండు చోట్లా ఆ అమ్మాయిల ఇష్టమేమిటని అడిగినవారు లేరు.

నాడు ఫిఫా ఉపాధ్యక్షుడిగా ఉన్న జోర్డాన్ రాకుమారుడు అలీ బిన్ అల్ హుసైన్ ఈ విషయాన్ని పట్టుదలగా చేపట్టారు. 2012లో ప్రయోగాత్మకంగా అనుమతి లభించింది. 2014 మార్చిలో తల కప్పుకొని ఆడవచ్చునని శాశ్వతంగా నిర్ణయించారు. 2023 స్త్రీల ప్రపంచ కప్‌లో మొరాకో క్రీడాకారిణి నుహైలా బెంజీనా హిజాబ్‌తో ఆడి, ఆ కప్‌లో అలా ఆడిన మొదటి స్త్రీగా చరిత్రకెక్కింది. ఏడు సంవత్సరాలు నడిచిన నిషేధం, కొందరు ఓపికతో, మర్యాదతో వాదించినందున తొలగిపోయింది. ఈ మాట మన పిల్లలకు చెప్పదగినది.

ఇంటి లోపలి అడ్డంకి

బయటి తలుపు తెరుచుకున్న మరుసటి ఏడాదే ఇంటి తలుపు మూసుకుంది. 2015 సెప్టెంబరులో మలేసియాలోని నీలాయ్ పట్టణంలో ఆసియా స్త్రీల మొట్టమొదటి ఫుట్సల్ ఛాంపియన్‌షిప్ ఏర్పాటైంది. ఇరాన్ కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్. ప్రజలు ఆమెను 'లేడీ గోల్' అని ముద్దుగా పిలుచుకునేవారు. ఆమె పాస్‌పోర్టును కొత్తగా చేయించుకోవలసి ఉంది. అందుకు భర్త అంగీకరించలేదు. అదే సమయంలో కొడుకు మొదటిసారి బడికి వెళ్లబోతున్నాడు, ఆ రోజు తల్లి ఇంట్లో ఉండాలన్నది ఆయన చెప్పిన కారణమని పత్రికలు రాశాయి. తాను వినోదానికి వెళ్లడం లేదనీ, ముస్లిం స్త్రీగా తన దేశపు జెండాను నిలపడానికి వెళ్లాలనుకున్నాననీ నీలూఫర్ బాధపడింది.

ఆమె లేకుండానే జట్టు వెళ్లింది. ఫైనల్లో జపాన్‌ను 1-0తో ఓడించి కప్పు తెచ్చింది. ఆ ఏడాది నవంబరులో గ్వాటెమాలాలో ప్రపంచ స్థాయి పోటీలు జరిగినప్పుడు, దేశమంతటా చర్చ నడిచిన తరువాత, న్యాయాధికారులు ఆ ఒక్క ప్రయాణానికి మాత్రం భర్త సంతకంతో పని లేకుండా ఆమెకు అనుమతి ఇచ్చారు. తలుపు ఒక్కసారికే తెరుచుకుంది, చట్టం మారలేదు. 2021లో ఇరాన్ స్త్రీల స్కీయింగ్ జట్టు శిక్షకురాలు సమీరా జర్గరీ కూడా భర్త అనుమతి లేనందున ఇటలీలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్లలేకపోయింది.

ఇది ఎవరు చేసిన చట్టం?

ఈ వార్త విన్న చాలామంది, ఇస్లాం ఇంతేనని తీర్పు చెప్పేశారు. మనవారిలో కొందరు సైతం, ఇది షరీఅత్ ఆజ్ఞ గనుక మాట్లాడరాదన్నారు. ఇద్దరూ ఒక విషయం గమనించలేదు. వివాహిత స్త్రీ పాస్‌పోర్టుకు భర్త లిఖితపూర్వక సమ్మతి కావాలన్నది ఇరాన్ పాస్‌పోర్టు చట్టంలోని 18వ నిబంధన. ఆ చట్టం 1973 నాటిది. అంటే విప్లవానికి ఆరు సంవత్సరాల ముందు, పాశ్చాత్య పోకడలకు పేరుపడిన షా పాలనలో చేసినది. అత్యవసర పరిస్థితుల్లో న్యాయాధికారి అనుమతి ఇవ్వవచ్చునన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. తరువాత వచ్చిన ప్రభుత్వం దానిని అలాగే ఉంచింది. మనుషులు రాసిన చట్టాన్ని అల్లాహ్ ధర్మానికి అంటగట్టడం న్యాయం కాదు.

అయితే సగం మాట చెప్పి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. భార్య ఇల్లు విడిచి వెళ్లే విషయంలో భర్త సమ్మతి ఉండాలని ఫిఖహ్ గ్రంథాల్లో ఉన్న మాట నిజమే. స్త్రీ దూరప్రయాణంలో మహ్రమ్ వెంట ఉండాలని హదీసులు ఉన్నాయి. వాటి వివరణలో ఇమాముల మధ్య భేదం ఉంది. హనఫీ మజ్‌హబ్ హజ్‌కు సైతం మహ్రమ్ తప్పనిసరి అంటుంది. నమ్మకమైన స్త్రీల బృందం ఉంటే ఫర్జ్ హజ్‌కు వెళ్లవచ్చునని షాఫయీలు అన్నారు. ఇరాన్‌లో ఉన్న జాఫరీ ఫిఖహ్‌లో, ప్రయాణం క్షేమమైనదైతే హజ్‌కు మహ్రమ్ షరతు లేదు. ఏ మతం వారు ఏ మజ్‌హబ్‌ను అనుసరించినా, ఈ ఆజ్ఞల వెనుక ఉన్నది స్త్రీ క్షేమం. ఆమె ప్రతిభను అణచడం వాటి ఉద్దేశం కాదు. ఒకరు మరొకరికి హాని చేయరాదన్నది ఫిఖహ్‌లో మూలసూత్రం.

సలహాతో సాగే సంసారం

దైవప్రవక్త (సల్లం) ఇంటి వాతావరణం ఎలా ఉండేదో ఒక్కసారి చూద్దాం. ఆయన ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత మళ్లీ పందెం వేసినప్పుడు ఆయన గెలిచి, పాత ఓటమిని గుర్తు చేసి ఆమెను నవ్వించారు. మస్జిదె నబవీలో అబిసీనియా వారు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, ఆమెకు చూడాలనిపించినంతసేపూ ఆయన ఆమెకు మరుగుగా నిలబడ్డారు. భార్య సరదా కోసం ఓపికగా నిలుచోవడం ఆయన చిన్నతనమనుకోలేదు.

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా చంటిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులిద్దరి అంగీకారం, సంప్రదింపు ఉండాలంటుంది. పాలు మాన్పించడానికే ఇద్దరి మాటా కావాలంటే, బిడ్డను బడికి పంపే రోజు విషయం ఒకరి మాటతో ఎలా తేలుతుంది? బిడ్డ మొదటి బడి రోజు ముఖ్యమైనదే. తండ్రి కోరిక తప్పని మేము అనము. దేశం తరఫున ఆడే అవకాశమూ ముఖ్యమైనదే. రెండింటినీ ముందు పెట్టుకొని భార్యాభర్తలు కూర్చొని మాట్లాడుకుంటే దారి దొరుకుతుంది. ఒకరి చేతిలో మాత్రమే కలం ఉన్నప్పుడు సంప్రదింపుకు చోటుండదు.

నికాహ్ రోజే రాసుకోవాలి

ఇందుకు మన పెద్దలు చూపిన మార్గం ఒకటుంది. పూర్తి చేయవలసిన షరతులన్నిటిలో నికాహ్ షరతులే ముందుంటాయని దైవప్రవక్త (సల్లం) బోధించారు. భార్యను ఆమె ఇంటి నుండి కదిలించనని ఒప్పుకున్న భర్త తరువాత మాట మార్చితే, హజ్రత్ ఉమర్ (రజి) ఆ షరతు భార్య హక్కు అని తీర్పు చెప్పారు. హంబలీ ఫఖీహ్‌లు ఇలాంటి షరతులను కచ్చితంగా పాటించాలన్నారు. షరతు తప్పినా నికాహ్ చెల్లుతుందన్న హనఫీలు సైతం, ఆ షరతును చూసి మహర్ తగ్గించుకున్న స్త్రీకి తన స్థాయికి తగిన పూర్తి మహర్ రావాలన్నారు. ఇరాన్‌లోనూ విదేశీ ప్రయాణానికి భర్త సమ్మతిని నికాహ్ సమయంలోనే రాయించుకునే వధువులు ఉన్నారు.

మన దేశంలో పాస్‌పోర్టుకు భర్త సంతకం అక్కరలేదు. అయినా మన ఇళ్లలో కాగితం మీద లేని సంతకాలు ఎన్నో! మంగ్నీ మాటల్లో జోడే కీ రఖమ్ ఎంత, ఫంక్షన్ హాలు ఏది, దావత్‌కు ఎంతమంది వస్తారు అని గంటల తరబడి మాట్లాడుకుంటాం. అమ్మాయి చదువు కొనసాగిస్తుందా, ఉద్యోగం చేస్తుందా, ఆమెకున్న విద్య ఏమవుతుంది అని అడిగే పెద్దమనిషి కనబడడు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ విజేత అయిందంటే, నలుగురి మాటలకు వెరవని తండ్రి ఆమె వెనుక నిలిచినందుకే. రేపు పెళ్లి తరువాత అత్తవారింట కూడా అలాంటి అండ దొరకాలంటే, ఆ మాట నికాహ్‌కు ముందే తేలాలి. నికాహ్‌నామాలో నాలుగు పంక్తులు అదనంగా రాయడానికి ఖాజీ సాహెబ్‌కు పట్టే సమయం అయిదు నిమిషాలు.

ఇరాన్ జట్టు 2018 మే నెలలో బ్యాంకాక్‌లో షహర్జాద్ ముజఫ్ఫర్ శిక్షణలో జపాన్‌ను 5-2తో ఓడించి మళ్లీ ఆసియా విజేత అయింది. 2025లో చైనాలోని హోహోట్‌లో మూడవ స్థానం పొంది, అదే ఏడాది చివర ఫిలిప్పీన్స్‌లో జరిగిన స్త్రీల మొట్టమొదటి ఫిఫా ఫుట్సల్ ప్రపంచ కప్‌లో ఆసియా తరఫున ఆడిన నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది. పురుషులకు ఈ కప్పు 1989లోనే మొదలైంది. స్త్రీలు 36 సంవత్సరాలు ఎదురు చూశారు. ప్రపంచం నెమ్మదిగానైనా దారి ఇస్తున్నప్పుడు, సొంత ఇల్లు అడ్డుగా నిలవరాదు.

అల్లాహ్ మన ఆడబిడ్డలకు హయాతో పాటు ధైర్యాన్నీ, మన మగబిడ్డలకు అధికారంతో పాటు న్యాయబుద్ధినీ ప్రసాదించుగాక. ఆమీన్.