తాత్కాలికం అన్నరు.. 2003 సంది తీయలే

“తాత్కాలికం” అంటే ఎన్ని రోజులు? పెండ్లిళ్లకు డ్రోన్ ఎగిరేసే తమ్ముళ్లకు ఈ ప్రశ్న మంచిగనే అర్థమైతది. జాతరో, పెద్ద సభో ఉంటే పోలీసోళ్లు ఆ జాగను తాత్కాలిక రెడ్ జోన్ అని ప్రకటిస్తరు. మన 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అది ఒక్కసారికి 96 గంటలు దాటొద్దు. ఎస్పీ కంటే చిన్న ఆఫీసరు దాన్ని పెట్టరాదు. అమలు ఎట్లున్నా, కాయితం మీద గడువైతే ఉన్నది.

ఇప్పుడు అమెరికా ముచ్చట చూద్దాం. ఆడ డిస్నీ కంపెనీకి రెండు పెద్ద వినోద పార్కులున్నయి. కాలిఫోర్నియాల అనహైం దగ్గర డిస్నీలాండ్, ఫ్లోరిడాల ఓర్లాండో పక్కన డిస్నీ వరల్డ్. అమెరికాల ఉన్న మనోళ్లు పిల్లల్ని తీస్కపోయి మిక్కీ మౌస్‌తోని దిగిన ఫొటోలు మీరు వాట్సాప్ స్టేటస్‌లల్ల చూసే ఉంటరు. ఆ ఫొటోల మీదున్న ఆకాశం గురించే నేను చెప్పేది.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాల ఆకాశానికి గేట్లు పడ్డయి. జనం గుమిగూడే స్టేడియాల మీద విమానాలు తిరగొద్దన్నరు. 2003 ఫిబ్రవరిల ఒక పెద్ద ఖర్చుల బిల్లుల ఒక చిన్న సెక్షన్ జొప్పించి, ఈ నిషేధాలకు చట్టం బలం ఇచ్చిన్రు. బడ్జెట్ల ఇసొంటివి దాచిపెట్టుడు మన దగ్గరనే ఉంటదనుకోకుండ్రి. డిస్నీ పార్కులు రెండూ అండ్లనే ఒడ్డెక్కినయి. ఒక్కో పార్కు చుట్టూ 3 నాటికల్ మైళ్ల గీత, అంటే అయిదున్నర కిలోమీటర్ల పైన. నేల నుంచి 3,000 అడుగుల దాక ఎవలూ ఎగరొద్దు. లెక్క కడితే ఒక్కో గుండ్రం కింద సుమారు 97 చదరపు కిలోమీటర్లు. దీని పేరు “తాత్కాలిక విమాన నిషేధం”. ఇయ్యాల్టికీ అదే పేరు.

స్టేడియం రూల్ వేరే తీరుగుంటది. 30,000 అంతకు మించి సీట్లున్న చోట, పెద్ద మ్యాచ్‌కు గంట ముందు మొదలై, అయిపోయినంక గంటకు లేస్తది. జనం ఉన్నప్పుడే నిషేధం. గది నాకు సమజైతది. డిస్నీ మీద అట్ల గాదు. రాత్రి గేట్లు మూసి, ఊడ్చేటోళ్లు తప్ప ఎవలూ లేనప్పుడు గూడ అదే గీత. అదే ఓర్లాండోల యూనివర్సల్ పార్కున్నది, సీవరల్డ్ ఉన్నది. ఆడికీ జనం విరగబడి పోతరు. వాటి మీద ఇసొంటి గీత లేదు. ఆ జనం పానాలు పానాలు గావా?

భద్రత మాట ఉత్తదే అని నేను అంటలేను. ఒక్క చోట అంతమంది పిల్లలుంటే పైకెళ్లి చిన్న విమానం కూలినా, డ్రోన్ రెక్క ఊడి పడ్డా పానం మీదికొస్తది. గీత ఉంటే లోపటికొచ్చినోడు జల్ది కండ్ల పడతడు, నిజమే. గానీ 100 నాట్ల వేగంతోని వచ్చే చిన్న విమానానికి ఆ అంచు నుంచి నడుమకు రానీకె రెండు నిమిషాలు గూడ పట్టది. దాడి చేయాల్నని వచ్చేటోడు గీత చూసి మర్లిపోతడా? గీత ఆపేది రూల్ పాటించేటోన్నే.

ఆ పాటించేటోడే ఈడ పైలట్. డిస్నీలాండ్ పక్కన ఫుల్లర్టన్ అని చిన్న విమానాశ్రయం ఉన్నది. ఆ చుట్టుపక్కల సొంత విమానం నడిపేటోళ్లు, నేర్చుకునే పిల్లలు ఈ గుండ్రాన్ని ఎప్పుడూ మతిల పెట్టుకోవాలె. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతిచ్చి మాట్లాడుకుంట తీస్కపోతే దారి ఉన్నది. లేకుంట జొర్రితే లైసెన్సుకే ఎసరు. తెలిసి చేస్తే ఏడాది దాక జైలు గూడ పడొచ్చు.

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది బ్యానర్లు గుంజే చిన్న విమానాలోళ్లు. తోక వెనుక పొడుగు గుడ్డ కట్టుకొని, జనం మీద తిరిగి చూపెట్టుడే వాళ్ల బతుకుదెరువు. దానిమీద సబ్బు ప్రకటన ఉండొచ్చు, కంపెనీని తిట్టే మాటా ఉండొచ్చు. అదే చట్టంల జట్లకు, క్రీడాధికారులకు, వాళ్ల ఇంటోళ్లకు, అతిథులకు, ఆ జాగను నడిపేటోళ్ల పనులకు మినహాయింపు ఇయ్యొచ్చని రాసిన్రు. అతిథికి దారి ఉన్నది, బ్యానరోనికి లేదు. నాకు మండేది ఈడనే.

జనం ఉన్నప్పుడు ఆకాశం మూయుండ్రి, నేను ఒప్పుకుంట. గానీ ఎందుకు మూసిన్రో రాయాలె, ఎన్నడు తీస్తరో రాయాలె, గడువు దాటితే మళ్ల లెక్క చూడాలె. పక్క పార్కుకు గూడ అదే రూల్ ఉండాలె. 2016ల అమెరికానే డ్రోన్ల విషయంల ఒక మంచి దారి పట్టింది. వినోద పార్కుల అసొంటి జాగలోళ్లు దరఖాస్తు పెట్టుకునే పద్ధతి తయారు చేయమని చట్టం చేసింది. అడిగేటోడు కారణం చూపెట్టాలె, సర్కారు జవాబు చెప్పాలె. డిస్నీ గీతకు అసొంటి పరీక్ష పెట్టనే లేదు.

మన దగ్గర తిరుమల మీద విమానాలు తిరగొద్దని టీటీడీ శానా ఏండ్ల సంది కేంద్రాన్ని అడుగుతున్నది. అది భక్తి ముచ్చట, డిస్నీది వ్యాపారం. రెంటినీ ఒక్క గాట కట్ట. రేపు ఏదన్న ఇచ్చినా, ఇయ్యకపోయినా కారణం మాత్రం అందరికీ కనవడేటట్టు రాయాలె. అప్పటిదాక డ్రోన్ తమ్ముళ్లు, మీ ఊర్ల రెడ్ జోన్ అన్నప్పుడు డిజిటల్ స్కై మ్యాప్ తెరిచి చూడుండ్రి. ఏ ఆఫీసరు పెట్టిండు, ఏ గంటకు లేస్తది, గీ రెండు అడుగుండ్రి.