రెంటచింతల ఎండ నుంచి సియాచిన్ మంచులోకి

వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు ఉండాల్సిందే. ఆ పక్కనే గురజాలలో తెల్లవారుజామునే గ్రౌండ్‌కి వెళ్లి ఆర్మీ ర్యాలీ కోసం రన్నింగ్ చేసే కుర్రాళ్లకు మంచు అంటే సంక్రాంతి రోజుల పొగమంచే. కానీ యూనిఫాం వేసుకున్నాక పోస్టింగ్ ఎక్కడ పడుతుందో చెప్పలేం.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టుపై మంచు కూలింది. మద్రాస్ రెజిమెంట్ సైనికులు 10 మంది కూరుకుపోయారు. వారిలో మన కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. కర్ణాటకకు చెందిన లాన్స్‌నాయక్ హనుమంతప్పను రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీసినా, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఇంతకీ మంచు ఎలా పుడుతుంది? నీటిచుక్క గడ్డకట్టి రాలేది వడగల్లు. మంచు దారి వేరు. బాగా చల్లబడిన మేఘంలో ధూళి కణం చుట్టూ చిన్న స్ఫటికం ఏర్పడుతుంది. నీటి ఆవిరి ద్రవంగా మారకుండా నేరుగా దానిపై పేరుకుంటుంది. స్ఫటికానికి ఆరు భుజాలు రావడానికి కారణం, ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన హైడ్రోజన్ బంధమే.

అసలు ప్రమాదం నేల మీద పడ్డాక మొదలవుతుంది. కురిసిన ప్రతిసారీ ఒక పొర. లోపలి పొరల్లో ఒక్కోసారి స్ఫటికాలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా చక్కెర పలుకుల్లా విడివిడిగా తయారవుతాయి. వాటిపై గాలికి బిగిసిన గట్టి పొర కూర్చుంటుంది. వాలుగా పెట్టిన బల్లపై చక్కెర చల్లి, పైన నాపరాయి పలక ఉంచినట్టన్నమాట. ఒక మనిషి బరువు చాలు, పలక జారడానికి. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఇది ఎక్కువ. చాలా ప్రమాదాల్లో మంచును కదిలించేది బాధితుడో, అతని తోటివాడో.

అందుకే బాగా మంచు కురిశాక కనీసం ఒక రోజు వాలుల జోలికి వెళ్లరు. తప్పనిసరైతే ఒక్కొక్కరుగా దాటతారు. ప్రతి ఒక్కరి ఒంటిమీదా సిగ్నల్ పంపే బీకన్, సంచిలో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. చిక్కుకుంటే పక్కకి తప్పుకొనే ప్రయత్నం చేయాలి. మంచు ఆగేలోపు చేతులు ముఖానికి అడ్డంపెట్టి ఊపిరికి చోటు చేసుకోవాలి. తొలి 15 నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే టైమ్ ఉండదు, పక్కనున్నవాళ్లే తవ్వాలి.

ఈ మంచును చదివే ఉద్యోగాలూ ఉన్నాయి. చండీగఢ్ కేంద్రంగా పనిచేసే డీఆర్‌డీవో ల్యాబ్ డీజీఆర్‌ఈ, మంచుచరియలపై ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. ఫిజిక్స్, సివిల్, రిమోట్ సెన్సింగ్ వాళ్లకు ఇది తగిన చోటు. డీఆర్‌డీవో సైంటిస్ట్-బి ఎంపికలో గేట్ స్కోరు కీలకం.

కొండలెక్కడం నేర్చుకోవాలంటే ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు ఉంది. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర మంచుచరియల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆ సంస్థ ట్రైనీలే. అప్లై చేసేముందు ఇంట్లో అమ్మానాన్నలకు ఈ సంగతి కూడా చెప్పండి.