లెన్సు పెట్టుకున్న కన్ను ఎందుకు ఆరిపోతుంది?

ఖరగ్‌పూర్‌లో సాయంత్రం కోరమండల్ ఎక్కితే తెల్లవారుజాముకు విశాఖపట్నం. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి, తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంతూరి దారి. బొగ్గింజన్ల రోజుల్లో కిటికీ పక్కన కూర్చున్న తాతల కళ్లలో నలుసులు పడేవి. ఇప్పుడు ఏసీ బోగీలో నలుసు పడే వీలే లేదు. అయినా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్న మనవరాళ్ల కళ్లు కటక్ వచ్చేసరికే గరగరలాడతాయి.

నల్లగుడ్డు మీద ఎప్పుడూ ఒక కన్నీటి పొర ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాలంత మందం. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన రెప్పల అంచుల్లోని గ్రంథులు వదిలే నూనె. ఆ నూనె వల్లే నీరు తొందరగా ఆవిరి కాదు. లెన్సు ఈ పొరకు ఎన్నో రెట్లు మందం. పెట్టుకోగానే పొర రెండుగా చీలిపోతుంది. పైభాగాన నూనె సరిగా పరుచుకోదు. కంట్లో నీరు బాగానే ఊరుతున్నా నిలవదు.

దీనికి తెర తోడవుతుంది. నిమిషానికి పదిహేను సార్ల దాకా కొట్టుకునే రెప్ప, ఫోనో కంప్యూటరో చూస్తుంటే సగానికీ తగ్గిపోవచ్చు, కొట్టుకున్నా పూర్తిగా మూసుకోదు. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఏసీ ల్యాబుల్లో గంటలు గడిపే విద్యార్థులకు పొడిగాలి, తెర రెండూ ఒకేసారి తగులుతాయి.

1961లో చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టర్లే మెత్తని లెన్సులను అచ్చుపోసే పద్ధతి కనిపెట్టాడు. అవి నీటిని పీల్చుకునే పదార్థంతో తయారవుతాయి. నీరు ఎక్కువున్న లెన్సు కంటిని తడిగా ఉంచుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అలాంటివే తరచూ త్వరగా ఆరతాయి. కాబట్టి ఇబ్బంది మొదలైతే కంటి నిపుణులను అడిగి లెన్సు రకం మార్చుకోవాలి. ఏ రోజుకారోజు పారేసేవి చాలామందికి హాయిగా ఉంటాయి.

చుక్కల మందు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బెంజాల్కోనియం క్లోరైడ్ కలిసినవి మెత్తని లెన్సులో ఇంకి కంటిని చికాకు పెడతాయి. ప్రిజర్వేటివ్ లేనివి, లెన్సు మీద వాడొచ్చని రాసి ఉన్నవే కొనాలి. ఎరుపు తగ్గించే చుక్కలు పొడిదనాన్ని తీర్చవు. పన్నీరు కంట్లో వేయనే కూడదు. రెప్పల గ్రంథులు పూడుకుంటే, లెన్సులు తీసి గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టడం మేలు. చేపనూనె మాత్రలు మాత్రం 2018లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగని తేలలేదు.

ఇక రైలు సంగతి. బెర్తు మీద ఒరిగే ముందు లెన్సులు తీయాల్సిందే. వాటితో నిద్రపోతే నల్లగుడ్డుకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకే ముప్పు ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. బోగీ కుళాయి నీటితో లెన్సు కడగడమూ ప్రమాదమే. అకాంతమీబా అనే సూక్ష్మజీవి నీళ్లలోంచి రావచ్చు, చూపు తీయగలదు. సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకుని, లెన్సును దాని ద్రావణంలోనే ఉంచాలి. కళ్లద్దాలు పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉంటే ఈ పని బద్ధకం లేకుండా జరుగుతుంది.

పొడికళ్లకు లెన్సే వైద్యమయ్యే సందర్భమూ ఉంది. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వంటి జబ్బుల్లో కన్ను ఎండిపోయినవారికి హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో స్క్లీరల్ లెన్సులు అమరుస్తారు. ఈ పెద్ద లెన్సు తెల్లగుడ్డు మీద ఆనుతుంది. నల్లగుడ్డుకూ దానికీ నడుమ సెలైన్ నిలిచి కన్ను తడిగా ఉంటుంది.

నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక... వీటిలో ఏది కనిపించినా అది మామూలు పొడిదనం అనుకోకూడదు. లెన్సు తీసేసి ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి. తీసిన లెన్సునూ, డబ్బానూ పారేయకుండా పట్టుకెళితే, క్రిమి ఏదో తేల్చడానికి ల్యాబ్‌లో వాటినీ పరీక్షిస్తారు.